నాంపల్లిలో ఇద్దరు బాటసారులు

దారిలో కలిసినవాడు ఆత్మబంధువు కాగలడా?

నాంపల్లి యూసుఫైన్ దర్గాలో జవాబు వెతకాలి. 1687లో గోల్కొండ ముట్టడి వేళ ఔరంగజేబు సైన్యంతో వచ్చిన సూఫీలు యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా అని ప్రతీతి. గాలివానకు డేరాలన్నీ కూలినా వాళ్ల గుడారంలో దీపం ఆరలేదట. చరిత్రకు అది సాక్ష్యం కాకపోవచ్చు. కానీ ఆ వెలుగులో ఇద్దరు కూర్చుని ఉండటమే అసలు మహిమ! కలవడం దైవఘటన అనుకున్నా, కడదాకా విడిపోకపోవడం వాళ్లు ఎంచుకున్నదే. సూఫీ మార్గంలో సాంగత్యమూ సాధనే.

 

దర్గాలో సమాధులు పక్కపక్కనే. గులాబీ రేకులు అంటుకున్న చాదర్ల ముందు హిందువులూ ముస్లిములూ ఇద్దరికీ కలిపే మొక్కుకుంటారు.