పది గంటల పదిహేను నిమిషములకు

భయమును వెలపెట్టి కొనవచ్చునను ఊహ మానవునకు ఎన్నడు పుట్టినదో చెప్పజాలను గాని, ఆ క్రయవిక్రయము ఒక దేశమున ప్రసిద్ధ వ్యాపారమై వర్ధిల్లుటను మాత్రము న్యూజీలాండులో కన్నులార చూచితిని. వీపున సంచులు తగిలించుకొని, చౌక హాస్టళ్ళలో నిద్రించుచు, దక్షిణద్వీపమునుండి ఉత్తరద్వీపమునకు నేనును నా బాల్యమిత్రుడును సాగించిన ఆ యాత్రలో అతడు దూకుటకు వచ్చినవాడు, నేను చూచుటకు వచ్చినవాడను. మా వివాదములన్నియు ఈ భేదమునుండియే పుట్టినవి.

క్వీన్స్‌టౌన్‌కు చేరువన, కవారౌ నదిపై 1880లో కట్టిన వ్రేలాడు వంతెనమీద, 1988 నవంబరులో ఏ.జె. హ్యాకెట్, హెన్రీ వాన్ ఆష్ అను ఇరువురు బంజీ దూకుడును వ్యాపారముగా నెలకొల్పిరి. దూకువానిని మొదట త్రాసుపై నిలిపి, బరువును అతని చేతిమీదనే వ్రాసి, ఆ అంకెకు తగిన రబ్బరు త్రాడును ఎంచి, చీలమండలకు బిగించి, 43 మీటర్ల దిగువన పారుచున్న నీటివైపు విడిచిపెట్టుదురు. ఈ క్రీడకు ప్రేరణమైన ఆచారము వనువాతు దేశపు పెంటెకోస్ట్ ద్వీపమున కలదు. అచ్చటి పురుషులు కర్రగోపురములనుండి, చీలమండలకు అడవితీగెలు కట్టుకొని దూకుదురు. తీగె మూరెడు పొడవైనచో క్రింద నున్నది నది కాదు, నేల. కవారౌలో ఆ మూరెడు సందేహమును త్రాసు తీర్చినది. దానికి తోడు, 1974 నుండి అమలులో నున్న ప్రమాదపరిహార విధానమొకటి, దెబ్బ తగిలినవాడు విదేశీయుడైనను అతని చికిత్సకు తోడ్పడి, అందుకు మారుగా, గాయమునకు నష్టము కోరి న్యాయస్థానమునకు పోవు హక్కును చాలవరకు తొలగించినది. సాహసక్రీడలు ఆ దేశమున ఇంతగా ప్రబలుటకు కొండలెంత కారణమో ఈ చట్టమును అంత కారణమని నా అభిప్రాయము. వీరగాథలలో బీమాపత్రములకు చోటుండదు గనుక దీనిని ఎవ్వరును కీర్తింపరు.

రొటొరువాలో బస్సు దిగగానే ముక్కున సోకినది హైడ్రోజన్ సల్ఫైడు. కళాశాల ప్రయోగశాలలో కిప్పు పరికరము నొద్ద ముక్కు మూసుకొని నిలిచిన దినములను తలచుకొని ఇరువురమును నవ్వుకొంటిమి. అచ్చటి ఫాకరేవరేవ గ్రామమున మావోరీ కుటుంబములు వేడినేలపైననే కాపురముండి, భూమినుండి వెడలు ఆవిరితో వండుకొనుచు, ఆ నీటనే స్నానమాడుచుందురు. లోతుగా త్రవ్వుటకు వీలుపడని నేల కావున సమాధులను సైతము పైననే కట్టుదురు. పొయ్యియు, స్నానఘట్టమును, శ్మశానమును ఒకే అగ్నిపై నెలకొన్న ఆ ఊరిలో ఒక వృద్ధురాలు మొక్కజొన్న పొత్తుల మూటను మరుగు బుగ్గలోనికి దించి, మా వంక చూడకయే పొరుగామెతో ముచ్చటలాడుచుండెను. పర్వతశిఖరమున చలికి కొయ్యబారుచున్న నాతోరోఇరంగి అను పూర్వికుడు పిలువగా, దూరమున నున్న హవాయికినుండి అతని అక్కచెల్లెండ్రు భూగర్భమార్గమున అగ్నిని తెచ్చిరనియు, దారిలో వారు తల పైకెత్తిన చోటులెల్ల వేడిబుగ్గలైనవనియు వారి పురాణము. ఆ నిప్పు వారికి శత్రువు కాదు, తోబుట్టువులు తెచ్చిన కానుక.

వైఓటాపులోని లేడీ నాక్స్ బుగ్గ కథ వేరు. ప్రతిదినము ఉదయము 10 గంటల 15 నిమిషములకు ఒక ఉద్యోగి దాని నోట సబ్బు వేయును. సబ్బు నీటి తలతన్యతను తగ్గింపగా, పైని చల్లనినీరును క్రింది మరుగునీరును కలిసి, కొంతసేపటికి బుగ్గ ఎగజిమ్మును. ఈ కిటుకు బట్టలు ఉతుకుకొనుచున్న ఖైదీలకు అనుకోకుండ తెలిసినదట. వరుసబల్లలపై కూర్చున్న మేమందరమును గడియారములు చూచుకొంటిమి, అది చిమ్మగానే చప్పట్లు చరచితిమి. భూగర్భమునకు సైతము వేళ నియమింపవలెనను కోరిక మనలో ఎంత గాఢమైనదో ఆ చప్పట్లలో నాకు వినబడినది. కాని 1886 జూన్ 10న, తెల్లవారకమునుపే, సమీపమునందలి తారవేర పర్వతము బ్రద్దలై, లోకపు వింతలలో నొకటిగా యాత్రికులు పొగడిన గులాబి, తెలుపు సోపానములను మాయముచేసి, సుమారు 120 మందిని బలిగొన్నది. 2019 డిసెంబరు 9న ఫాకారి ద్వీపమున బ్రద్దలైన అగ్నిపర్వతము, దానిని చూడబోయిన యాత్రికులను, వారిని నడిపించినవారిని కలిపి 22 మందిని పొట్టనబెట్టుకొన్నది.

త్రాసు తూచి అమ్మిన భయము నిజమైన భయము కాదని నేననగా మిత్రుడు ఊరకుండలేదు. “వంతెన అంచున నిలబడినప్పుడు చట్టమూ గుర్తురాదు, తాడూ గుర్తురాదు. నా మోకాళ్ళు వణికింది అబద్ధమా? నువ్వు బురదగుంటలు చూస్తూ నడిచావే, ఆ చెక్కబాట నీ తాడు కాదట్రా?” అని అడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. బుద్ధి త్రాసును నమ్మినను దేహము నమ్మదు. ఆ క్షణమున దూకువాడు జయించునది లోయను గాదు, తన దేహపు అవిశ్వాసమును. ఇంతవరకు న్యాయము అతని పక్షముననే యున్నది. అయినను దూకినవాడు తెప్పలోనికి దిగి, ధ్రువపత్రము పుచ్చుకొని బసకు మరలిపోవును. ఫాకరేవరేవలోని ఆ వృద్ధురాలికి ఆ వేడినేలయే బస. తన బ్రదుకును ధైర్యమని పిలుచుకొను తీరిక లేని ఆమె యెడ నా గౌరవము అధికము.

టౌపోలో అతడు విమానమునుండి దూకెను. 616 చదరపు కిలోమీటర్ల ఆ సరస్సు, సుమారు 25,000 ఏండ్లకు పూర్వము బ్రద్దలైన మహాగ్నిపర్వతపు నోరు. 1,800 ఏండ్ల క్రిందట అది మరల పేలినది, ఆరిపోయినదని శాస్త్రజ్ఞులు నేటికిని అనరు. గొడుగు విప్పుకొని అతడు పైన, ఆ నోటి అంచున కాఫీ త్రాగుచు నేను క్రింద: ఇరువురిలో ఎక్కువ అపాయమున నున్నవాడెవడని ఆక్లాండు బస్సులో చాలసేపు వాదించుకొంటిమి. నా వాదమును సగము వరకు ఒప్పుకొనెను గాని, కాఫీ త్రాగినవానికి ధ్రువపత్రము ఇవ్వరని మాత్రము ఖండితముగా చెప్పెను.