పెంట ఎవరిది, నేల ఎవరిది?

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు మన తండాల్లో ఎండాకాలం వచ్చిందంటే పెంటకుప్పలు తవ్వుతారు. ట్రాక్టర్ ట్రిప్పుకు ఇంత అని బేరం కుదిరితే పూలతోటకో కూరగాయల చేనుకో పోతుంది. మన పెంట మనం అమ్ముకుంటే తప్పేముందని పిల్లలు అంటారు. పశువును మేపిన నేలకు అది బాకీ అని పెద్దలు అంటారు.

ముందు లెక్క చూద్దాం. 45 కిలోల యూరియా సంచిలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. పశువుల పెంటలో సుమారు అర శాతమే. ఒక్క సంచి నత్రజనికి 4 టన్నుల పెంట తోలాలి. ఆ సంచి మనకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది, ఎందుకంటే అసలు ఖర్చులో పెద్ద భాగం సర్కారు భరిస్తుంది. పొద్దున్నే మన ఆడవాళ్లు తట్టల్లో ఎత్తిపోసే పెండకు కూలి ఎవరు కట్టారు? పైగా పెంటలో భాస్వరం, పొటాష్ ఉన్నాయి, చెలక నేలలో పదును నిలిపే గుణం ఉంది. సంచి లెక్కలో అవేవీ రావు. గొల్ల కురుమలు చేనులో రాత్రి మంద పెడితే రైతు గింజలో పైసలో ఇస్తాడు. వాళ్లు మనకంటే ముందే తెలివిపడ్డారు!

అసలు చిక్కు కౌలు దగ్గర ఉంది. యూరియా వేసిన పంటకే పనిచేస్తుంది. పెంట అట్లా కాదు, మొదటి పంటకు కొంతే అందుతుంది, మిగిలింది తర్వాతి ఏండ్లకు నిలుస్తుంది. 1996లో వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలను అడ్డుకుంది గానీ, భూములు చేతులు మారడాన్ని ఆపలేదు. పట్నంలో ఉండే పట్టాదారు చేనును ఏడాది కౌలుకు పట్టినవాడు అందులో పెంట తోలితే, వచ్చే ఏడాది బలం ఎవరిది? కూలీ మనది, బలిసిన నేల ఆయనది.

అందుకే కౌలు చేనుకు పెంట తోలక అమ్ముకున్నవాణ్ణి మనం తప్పుపట్టలేం. మూడేండ్ల కౌలు కాగితం ఇస్తేనే పెంట తోలుతామని పట్టాదారును అడగాలి. సొంత ఎకరం ఉండి కూడా కుప్పంతా అమ్మేవాడిని మాత్రం ఆపి అడగవచ్చు.

పెద్దల బాకీ మాట ఇంకా మిగిలే ఉంది. మన పశువులు మేసింది చేనులో కాదు, ఊరి బంచరాయిలో. అక్కడికి ఒక్క తట్ట పెంట తిరిగి మోసినవాడు ఏ తండాలోనూ లేడు, మనతో సహా.