హనుమంతుడి పీట

రామాయణాన్నీ భారతాన్నీ సినిమాగా తీసినప్పుడల్లా మనకి ఎందుకు నచ్చదో ఎప్పుడైనా ఆలోచించారా? "ఎప్పుడూ నచ్చదనడం అన్యాయం, 'లవకుశ' నచ్చలేదూ?" అని మీరు దెబ్బలాటకి వస్తారని నాకు తెలుసు. అసలు ఆ 'లవకుశ' సంగతి చెప్పుకుందామనే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కాని దానికంటే ముందు ఈమధ్య సంగతి ఒకటి చెప్పాలి.

2023 జూన్‌లో 'ఆదిపురుష్' వచ్చింది. మా అమ్మాయీ, అల్లుడూ, తొమ్మిదేళ్ళ మనవరాలూ బయల్దేరుతూ, "నువ్వూ రామ్మా, రాముడి సినిమా" అన్నారు. వెళ్ళాను. వందల కోట్లు పోసి తీశారట. తెర నిండా మంటలూ, రాకాసి గబ్బిలాలూ, ఆకాశంలో యుద్ధాలూ. విశ్రాంతి వేళకే మా అల్లుడు ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. బయటికి వచ్చాక తలా ఒక మాట. రావణుడి జుట్టేమిటి అలా ఉందని ఒకరు, హనుమంతుడి నోట ఆ వీధి మాటలేమిటని ఇంకొకరు. ఆ మాటల మీద దేశమంతా గొడవయి, విడుదలైన తర్వాత కొన్ని డైలాగులు మార్చారు కూడా.

నాకు మాత్రం ఆ సినిమాలో గుర్తుండిపోయింది తెరమీది సంగతి కాదు. రామకథ జరిగే చోటికి హనుమంతుడు వస్తాడని, ప్రతి హాల్లోనూ ఆయన కోసం ఒక సీటు ఖాళీగా వదిలారు చూశారూ, అదీ. మేము వెళ్ళిన చోట ఆ సీటు మీద ఎవరో కాషాయం గుడ్డ కప్పి, నాలుగు పూలు పెట్టారు. ఆట వదిలాక నా ఈడు ఆవిడొకావిడ మెట్లు దిగుతూ దిగుతూ ఆగి, ఆ సీటుకి దణ్ణం పెట్టుకుని మరీ వెళ్ళింది. మూడు గంటలు తెరమీద అంత హనుమంతుణ్ణి చూపిస్తే దణ్ణం రాలేదు. ఎవరూ లేని కుర్చీకి వచ్చింది!

ఇంటికొచ్చి పడుకున్నానే గాని నిద్ర పట్టలేదు. మా వేమూరు, మా నాయనమ్మ, ఆవిడ పీట కళ్ళముందు మెదిలాయి.

మా నాయనమ్మకి చదువు రాదు. అయినా ఆవిడకి రామాయణం రాదని అనడానికి మా ఊళ్ళో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. చలికాలం రాత్రుళ్ళు భోజనాలు అయ్యాక వసారాలో చాప పరిచి పిల్లలందర్నీ కూర్చోబెట్టుకునేది. కథ ఎత్తుకునే ముందు మూల ఒక పీట వేసేది. "ఎవరికే నాయనమ్మా?" అంటే, "హనుమంతుడికే. కథ వినడానికి వచ్చినవాణ్ణి నిలబెడతామా ఏం?" అనేది. మేము కథ వింటూనే ఆ పీట కదులుతుందేమోనని ఓ కంట కనిపెడుతూ ఉండేవాళ్ళం. ఆ పీట మీద ఉన్న హనుమంతుడు ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క రకం. మా అన్నయ్యకి గద ఉన్నవాడు. మా చెల్లెలికి మా పెరటి గోడ మీదికి వచ్చే కోతి. మాది డెల్టా ఊరు, కొండ అనేది కంటితో చూసి ఎరగం. మా ఊళ్ళో ఎత్తుగా కనిపించేది గడ్డివామి ఒక్కటే. అందుకని నా హనుమంతుడు ఎత్తుకొచ్చిన సంజీవి పర్వతం గడ్డివామంత ఉండేది, దానికి వరిగడ్డి వాసన కూడా వేసేది.

ఇక ఆవిడ కథలో వాల్మీకి ఎంత, ఆవిడెంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. ఊర్మిళ పద్నాలుగేళ్ళ నిద్ర ఆవిడ కథలో పెద్ద ఘట్టం. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే, ఎవడో పరాయివాడు గదిలో జొరబడ్డాడని ఊర్మిళ వాణ్ణి తిట్టిపోస్తుంది. అక్కడికొచ్చేసరికి వసారాలో ఆడవాళ్ళందరూ పనులు ఆపుకుని మరీ వినేవారు. రాముడికి శాంత అని అక్కగారుందనీ, ఆవిడ తమ్ముణ్ణి నిలబెట్టి నాలుగూ అడిగేదనీ చెప్పేది. అవన్నీ మన ఆడవాళ్ళ పాటల్లో ఉన్నవేననీ, వాటిని వెల్చేరు నారాయణరావుగారివంటి పండితులు పరిశోధించి వ్యాసాలు రాశారనీ నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక తెలిసింది. అప్పుడు మాత్రం నాయనమ్మ సొంత కవిత్వం అనుకునేవాళ్ళం.

అందుకే "మూలం మార్చేశారు, అందుకే నచ్చలేదు" అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడండి. శశిరేఖా పరిణయం వ్యాసులవారి భారతంలో ఎక్కడ వెతికినా కనబడదు. ఎవరన్నా అడిగారా? లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదంటారు చదువుకున్నవాళ్ళు. కాని రేపు ఎవరైనా ఆ గీత గీయకుండా సీతాపహరణం తీస్తే ముందు మనమే లేచి పోట్లాడతాం. మనం పోల్చి చూసుకునేది పుస్తకంతో కాదు. మన వసారాతో.

మరి డబ్బు సంగతా? 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చేటప్పుడు గుంటూరులో మా వీధి మొత్తానికి ఉన్నవి రెండో మూడో టీవీలు. ఆదివారం పొద్దున్నే ఇంటావిడ టీవీకి బొట్టుపెట్టి పూలు పెట్టేది. భాష హిందీ. మాలో సగం మందికి ముక్క అర్థమయ్యేది కాదు. ఇటునుంచి ఒక బాణం, అటునుంచి ఒక బాణం మెల్లిగా వచ్చి గాల్లో ఢీకొనేవి, మధ్యలో కాసేపు ఆలోచించుకుంటున్నాయా అన్నట్టుండేది. ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మేము నవ్వలేదు. ఆ బాణం వేగం మేమే అందించుకున్నాం. ఆ భాష మేమే పూరించుకున్నాం.

నాటకాలకి మా వైపు పెట్టింది పేరు గదా, అక్కడా ఇదే తంతు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామ కట్టేవారు. చూసేవాళ్ళందరికీ ఆయన మగవాడని తెలుసు. తెలిసీ, ఆ నడక చూసి ఇంటికొచ్చి అద్దం ముందు నడిచి చూసుకున్న ఆడవాళ్ళున్నారట! వేమూరి గగ్గయ్యగారిది అచ్చంగా మా ఊరే. 1933లో వచ్చిన 'సతీసావిత్రి'లో యముడూ, 1935 'శ్రీకృష్ణ లీలలు'లో కంసుడూ ఆయనే. నాయనమ్మ ఆ యముణ్ణి చూసొచ్చి వారం రోజులు దీపం ఆర్పనివ్వలేదట. ఆ రోజుల బొమ్మ ఎంత మసకో, ధ్వని ఎంత గరగరో నేను చెప్పక్కర్లేదు. కిరీటం అట్టదని ఆవిడకీ తెలుసు. "ఆ గొంతుకి మిగతాదంతా నేనే పెట్టుకున్నానే" అనేది. (ఊరివాడన్న అభిమానం కూడా కొంత కలిసి ఉంటుంది లెండి.)

1976లో ముస్తఫా అక్కాద్ అనే దర్శకుడు 'ది మెసేజ్' అని ఇస్లాం పుట్టుకను గురించి ఒక సినిమా తీశారు. అందులో ప్రవక్త ఒక్కసారి కూడా తెరమీద కనబడరు, వారి గొంతూ వినబడదు. మిగతావాళ్ళు కెమెరా వంక చూసి మాట్లాడతారు, అంతే. వారి మతంలో నియమం కనుక అలా తీశారు. దాన్ని కూడా పీట వెయ్యడమనే అనుకుంటాను నేను.

ఇంతకీ 'లవకుశ'.

1963లో వచ్చింది. పూర్తి రంగుల్లో తీసిన మొదటి తెలుగు సినిమా. మా ఊరివాళ్ళు కొందరు రేపల్లె నుంచి వచ్చే పాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళారు. మా వీధి ఆడవాళ్ళం మాత్రం బళ్ళు కట్టించుకుని, పులిహోర మూటలతో, పిల్లామేకాతో తరలి వెళ్ళాం. నాకప్పటికి ఎనిమిదేళ్ళు. హాల్లో ఏడవనివాళ్ళు లేరు. రామారావుగారి రాముడు, అంజలీదేవిగారి సీత. వాళ్ళని చూశాక ఇంకొకరిని రాముడనీ సీతనీ ఎవరు అనుకోగలరు చెప్పండి? ఆ తరవాత ఎన్ని ఇళ్ళలో ఆ రాముడి పటాలకి దండలు పడ్డాయో మీకు తెలియంది కాదు.

తిరుగు బండిలో అందరూ కొంగులు తడిసి ముద్దయిపోయి, పాటలు కూనిరాగాలు తీస్తున్నారు. నాయనమ్మ ఒక్కతీ మాట్లాడలేదు. జంపని దాటాక కాబోలు, మెల్లిగా అంది. "రాముడు ఏడుస్తుంటే మనమూ కూచుని ఏడ్చామే. కడుపుతో ఉన్నదాన్ని అడవికెందుకు పంపావయ్యా అని అడగడం మరిచేపోయాం."

ఎవరూ జవాబు చెప్పలేదు. అడగడం ఆవిడకి అలవాటు. ఆవిడ కథలో ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా కథ ఆగిపోయేది. వసారాలో వాదన లేచేది. మా అమ్మ ఒక మాట, అత్తయ్య ఇంకొకటి, పాలేరు భార్య గుమ్మంలోంచి మరొకటి. ఒక రాత్రి రాముణ్ణి క్షమించేవాళ్ళు. ఒక రాత్రి క్షమించేవాళ్ళు కాదు. సినిమాని ఎవరు ఆపుతారు? అంత గొప్పగా ఏడిస్తే ఆపాలని మాత్రం ఎవరికి తోస్తుంది?

ఆ తరవాత చలికాలం నాయనమ్మ మళ్ళీ పీట వేసి కథ ఎత్తుకుంది. సీతమ్మ రథం ఎక్కే చోట ఆవిడ ఏదో చెబుతోంది, ఏం చెబుతోందో నాకిప్పుడు గుర్తులేదు, నేను మధ్యలో అడ్డుపడి, "అలా కాదు నాయనమ్మా, సినిమాలో అలా లేదు" అన్నాను.

నేనే అన్నాను. ఇంకెవరో అన్నారని రాసుకుంటే బాగుండేది.

ఆవిడ కోప్పడలేదు. "అలాగా, అయితే నువ్వే చెప్పవే" అని నవ్వింది. నేను చెప్పాను, సినిమా సినిమాలా, పాటలతో సహా. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడాది తరవాత ఆవిడ ఉత్తరకాండ జోలికి వెళ్ళినట్టు నాకు గుర్తులేదు.

ఆవిడ పాడే పాటల్లో ఒక కథ ఉండేది. అయోధ్యకి తిరిగొచ్చాక శూర్పణఖ మారువేషంలో సీత దగ్గరికొచ్చి రావణుడి బొమ్మ గీసిమ్మంటుంది. నేనెప్పుడూ వాడి ముఖం చూడలేదు, తల వంచుకుని కాలి బొటనవేలు మాత్రం చూశానంటుంది సీత. అయితే ఆ వేలే గియ్యమంటుంది. గీస్తుంది. మిగతా రూపమంతా పూర్తయి, బ్రహ్మ చేత ప్రాణం పోయించుకుని, ఆ బొమ్మ మళ్ళీ సీత ఇంటికే వచ్చి పడుతుంది. ఇక పోదు! నూతిలో పడేసినా పోదు. చివరికి పరుపు కింద దాచిపెట్టాల్సి వస్తుంది, సీత కాపురం మీదికి వస్తుంది.

చిన్నప్పుడు విని భయపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే మరోరకం భయం. మనందరి దగ్గరా ఉన్నది ఒక బొటనవేలే. దాన్ని పట్టుకునే రాముణ్ణీ, సీతనీ, రావణుణ్ణీ ఎవరికి వాళ్ళం కట్టుకున్నాం. ఆ మిగతాదంతా ఇంకొకరు పూర్తిచేసి పట్టుకొస్తే రెండే జరుగుతాయి. బాగా చెయ్యకపోతే ఛీ అని లేచి వచ్చేస్తాం. ఆ కోపం మన బొమ్మ మనకింకా ఉందని. బాగా చేస్తేనో, ఆ బొమ్మ ఇంట్లోంచి కదలదు. 'ఆదిపురుష్' చూసి వచ్చిన రాత్రి నా రాముడికి చీమ కుట్టినంత హాని కూడా జరగలేదు. ఆ మాటకొస్తే, ఎనిమిదేళ్ళప్పుడు చూసిన ఆ గొప్ప సినిమాయే నా దగ్గర అంతా పట్టుకుపోయింది. నాయనమ్మ సీత ముఖం ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా రాదు, అంజలీదేవిగారే వస్తారు. మళ్ళీ 'లవకుశ' వేస్తే మళ్ళీ చూస్తాను, మళ్ళీ ఏడుస్తాను. అలాంటి సినిమాలు తియ్యొద్దని ఎలా అంటాను?

మొన్న సెలవులకి మనవరాలు వచ్చింది. టీవీ కట్టేసి, "రామాయణం చెప్పనా?" అన్నాను. "చూశాంగా అమ్మమ్మా" అంది. "అది కాదు, మా నాయనమ్మది" అన్నాను. పీటలెక్కడివి, ప్లాస్టిక్ స్టూలు ఒకటి మూలకి జరిపాను. ఎవరికని అడిగింది, చెప్పాను. కాసేపు దాని వంకే చూసి, లేచి వెళ్ళి తన దిండు తెచ్చి స్టూలు మీద వేసింది.

ఊర్మిళ నిద్ర దగ్గరకొచ్చేసరికి ఆపింది. "పద్నాలుగేళ్ళు పడుకుంటే దోమలు కుట్టవా?"

నాయనమ్మని ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. దోమతెర కట్టుకుందని చెప్పాను. ఏ రంగుదని అడుగుతోంది.