అవ్వ గొంతుకు దరువు కట్టేముందు

"అవ్వ పాటకు డీజే బీట్ వేస్తే తప్పా సార్?" అని మా దగ్గర చదువుకున్న ఇద్దరు చెంచు పిల్లలు అడిగారు. ఒకడు ఆళ్లగడ్డలో డీజే బండి మీద పోతాడు. ఇంకొకడు నంద్యాలలో ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తాడు. గూడెంలో అవ్వ పాడుతుంటే ఫోనులో పట్టుకొని, కంప్యూటర్లో దరువు కట్టి, పాట మీద వేసే బొమ్మ కూడా తయారుచేసి తెచ్చారు. మేము వెంటనే ఏమీ చెప్పలేకపోయాం.

పాట బాగుంది. అది ముందే ఒప్పుకోవాలి. మన పాటలను అద్దాల పెట్టెలో దాచాలనే పెద్దలతో మాకు పొత్తు కుదరదు. పెళ్లి ఊరేగింపులో మన పిల్లలు మన పాటకే ఎగిరితే సంతోషమే.

అయితే రెండోసారి వింటే ఏదో తగ్గినట్టనిపించింది. ఇలాంటి డాన్సు పాటకు నిమిషానికి 120, 130 దెబ్బలు పడాలట. అవ్వ పాట అలా నడవదు. ఒకచోట సాగుతుంది, ఒకచోట ఊపిరికి ఆగుతుంది, మధ్యలో నవ్వుతుంది కూడా. కంప్యూటరు ఆ గొంతును ముక్కలు కోసి, సాగదీసి, దెబ్బకు సరిపెట్టింది. ఆగిన చోట్లన్నీ పోయాయి. "ఖాళీ వస్తే జనం ఎగరరు సార్" అన్నాడు. వాడి పనిలో అది నిజమే. కానీ ఆ ఖాళీలోనే మిగతా ఆడవాళ్లు పాట అందుకుంటారు. అది వాడికి తెలియనిది కాదు.

బొమ్మ సంగతి ఇంకా చిక్కు. విల్లు పట్టిన తెల్లని పిల్ల, తలమీద ఈకలు, పక్కన పులి. 1958లో అంజలీదేవి నటించిన ‘చెంచులక్ష్మి’ వచ్చేనాటికి వీళ్ల అమ్మలు కూడా పుట్టలేదు. అయినా ఇంట్లో అవ్వను పెట్టుకొని సినిమా చెంచితనే వెతుక్కున్నారు. ఎందుకురా అంటే, "అవ్వ ఫొటో పెడితే ఎవురు నొక్కుతారు సార్?"

తైవాన్‌లో అమిస్ అనే ఆదివాసులున్నారు. వాళ్లలో డిఫాంగ్, ఇగాయ్ అనే భార్యాభర్తలు 1988లో ఫ్రాన్సుకు పోయి పాడితే రికార్డు చేశారు. ఆ గొంతులను ఎనిగ్మా బృందం ‘రిటర్న్ టు ఇన్నొసెన్స్’ పాటలో వాడుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలోనూ ఆ పాట వినిపించింది. పాడిన ముసలివాళ్ల పేరు మాత్రం లేదు. కోర్టుకెక్కాక, 1999లో రాజీ కుదిరింది.

ఇది చెబితే, "వాళ్లు బయటోళ్లు సార్, మేము మనవళ్లం గదా" అన్నారు. మాకు అక్కడే నోరు ఆగింది. మన కాపీరైటు చట్టం, 1957 నాటిది, పాడినవాళ్లకు 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. కానీ మనవడి మీద ఏ అవ్వ కోర్టుకు పోతుంది? దగ్గరివాళ్లం కాబట్టి అడగనక్కర్లేదనుకుంటాం. దగ్గరివాళ్లమే ముందు అడగాలని మా అభిప్రాయం. కనుమ నుంచి అహోబిలం నరసింహస్వామి పార్వేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు గనక అత్తవారిని పెళ్లికి పిలవను వస్తాడని మనవాళ్ల మాట. అల్లుడు దేవుడైనా గడప దాకా రావలసిందే.

పిల్లలతో కలిసి అవ్వ దగ్గరికి పోయాం. రెండుసార్లు వినింది. "పెండ్లి పాట గదరా, పెండ్లిలో ఏసుకోండి. వోట్ల కాడ, తాగుడు కాడ వద్దు" అంది. నెట్‌లో పెడితే ఎక్కడ ఎవరు వేస్తారో మన చేతిలో ఉండదని ఆరోజు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మరునాడు మళ్లీ పోయి చెప్పాం. "అట్లయితే వద్దులే నాయనా" అంది.

డీజే పిల్లవాడికి బాధే. వేలమంది వినవలసింది వందమంది వింటారు. అది చిన్న నష్టమని మేము అనలేం. ఇప్పుడు గూడేల పెళ్లిళ్లకు పిలిస్తే వేస్తున్నాడు, ఒకచోట ఖాళీ మళ్లీ పెట్టాడు. బొమ్మలో పులి పోయింది. అవ్వ ఫొటో ఇంకా రాలేదు. కొత్త చీర కట్టుకున్నాక తీయమందట.