సంతకం ఉన్న సలహా

ప్రభుత్వానికి సలహాలిచ్చే ఆచార్యుడి జీవితాన్ని మనం సాధారణంగా రెండు ప్రశ్నలతో కొలుస్తాం. ఏలికకు ఎంత దగ్గరగా ఉన్నాడు? ఆయన చెప్పిందాంట్లో ఎంత జరిగింది? ఈ రెండూ చాలవనీ, వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుందనీ నా అభిప్రాయం. ఆయన ఇచ్చిన సలహా, దానికి ఆయన చూపిన కారణాలు, ఆయన సంతకంతో కాగితం మీద మిగిలాయా? తర్వాతి వాళ్లు చదివి తప్పొప్పులు తేల్చుకోవడానికి వీలుందా? మంత్రి చెవిలో వేసిన మాట ఎంత గొప్పదైనా ఆ క్షణం నుంచి మంత్రి సొంతం. ఆయన దాన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అలాంటి మాటే వినలేదనొచ్చు. విశ్వవిద్యాలయంలో ఏ సిద్ధాంతాన్నీ ఎవరూ ఊరికే ఒప్పుకోరు, పదిమంది పరీక్షకు పెడతారు. ఆ పరీక్షకు అలవాటుపడ్డ మనిషి కాబట్టే సచివాలయం ఆయన్ను పిలుస్తుంది. లోపలికి అడుగుపెట్టగానే ఆ అలవాటును గుమ్మం దగ్గరే వదిలేస్తే, ఆయన్ను పిలిచి ప్రయోజనమేమిటి?

నా వాదనకు గట్టి ఆధారం 1955లో ఉంది. రెండో పంచవర్ష ప్రణాళిక రూపుదిద్దుకుంటున్న రోజులవి. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ అప్పట్లో నెహ్రూకు ఎంతో నమ్మకమైన సలహాదారు. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ప్రణాళిక చట్రం ఆయన తయారుచేసిందే. దాన్ని పరిశీలించడానికి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఆర్థికవేత్తల బృందం ఒకటి కూర్చుంది. డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు లాంటి ఉద్దండులున్న ఆ బృందం మొత్తమ్మీద సరేనంది. గుజరాత్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు బి.ఆర్. షెనాయ్ ఒక్కరే విడిగా అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. దేశం దగ్గరున్న పొదుపుకు మించి ప్రణాళిక వేస్తున్నారనీ, నోట్లు అచ్చువేసినంత మాత్రాన సిమెంటూ ఉక్కూ తిండిగింజలూ పుట్టవనీ, లోటు బడ్జెట్‌తో నడిపితే ధరలు పెరిగి పేదవాడి మీద పడతాయనీ అందులో వరసగా వాదించారు. కంట్రోళ్ల మీదా, జాతీయీకరణ మీదా తన అభ్యంతరాలు కూడా దాచుకోలేదు.

1956లో వెలువడిన ప్రణాళికలో నిధుల లెక్క చూస్తే ఆ భయం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ప్రభుత్వ రంగ వ్యయం మొత్తం 4,800 కోట్ల రూపాయలు. రెవెన్యూ మిగులు, కొత్త పన్నులు కలిపి 800 కోట్లు, ప్రజల నుంచి తెచ్చే అప్పులు 1,200 కోట్లు, రైల్వేలు, ప్రావిడెంట్ ఫండ్ల వంటి వాటి నుంచి 400 కోట్లు, విదేశీ సహాయం 800 కోట్లు. ఆ తర్వాత లోటు భర్తీ కింద 1,200 కోట్లు, అంటే మొత్తంలో నాలుగో వంతు. ఇన్ని కలిపినా ఇంకో 400 కోట్లు ఎక్కణ్ణుంచి వస్తాయో తేలలేదు. ఆ ఖాళీని పట్టికలో ఖాళీగానే చూపించారు. మొదలుపెట్టిన ఏడాదికే విదేశీ మారక ద్రవ్యానికి కటకట వచ్చింది. యుద్ధకాలం నుంచి కూడబెట్టుకున్న స్టెర్లింగ్ నిల్వలు కరిగిపోయాయి. 1958లో ప్రణాళికను 4,500 కోట్లకు కుదించుకున్నారు. అదే ఏడాది అప్పు కోసం ప్రపంచ బ్యాంకు ఏర్పాటు చేసిన సహాయక దేశాల సమావేశం వైపు చూడాల్సి వచ్చింది. ఆ అయిదేళ్లలో టోకు ధరలు సుమారు 30 శాతం పెరిగాయి.

షెనాయ్ చెప్పిందే నిజమైందని చాటడం నా ఉద్దేశం కాదు. ఆయన మాటే చెల్లి ఉంటే ప్రభుత్వ రంగంలో భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు అప్పుడు వచ్చేవా అని అడగవచ్చు. ఆ బాటలోనే కొనసాగి తర్వాత విశాఖకు ఉక్కు కర్మాగారం వచ్చింది. హైదరాబాద్ చుట్టూ బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్ లాంటి సంస్థలు లేచాయి. వాటి జీతాల మీద వేల తెలుగు కుటుంబాలు మధ్యతరగతిలోకి అడుగుపెట్టాయి. ఆ లాభాన్ని షెనాయ్ తక్కువగా అంచనా వేశారనే నేను అనుకుంటాను. కానీ ఈ మాట నేను ఇంత కచ్చితంగా ఎలా అనగలుగుతున్నాను? ఆయన ఏ మాట ఏ కారణంతో అన్నారో రాసి పెట్టారు కాబట్టి. ధరల గురించి ఆయన అంచనా నిలిచిందనీ, పరిశ్రమల గురించి తేలిపోయిందనీ విడదీసి చూడగలుగుతున్నాం. అవునని తలూపి ఇంటికెళ్లిన సలహాదారు గురించి ఈ మాత్రం కూడా చెప్పలేం. ఒప్పూ లేదు, తప్పూ లేదు, ఆయన పదవీకాలం తప్ప ఏమీ మిగలదు.

ఇక్కడ అనుభవజ్ఞులు ఒక అభ్యంతరం చెబుతారు. అసమ్మతి రాసినందువల్ల షెనాయ్ సాధించిందేమిటి? ప్రణాళిక ఆగలేదు, ఆయన్ను మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. లోపలే ఉండి, ఓర్పుగా, నాలుగు చెడు నిర్ణయాల్లో రెండింటిని ఆపగలిగినవాడు దేశానికి ఎక్కువ మేలు చేస్తాడు కదా? ఈ వాదనలో నిజముంది. కానీ లోపలివాడి విజయం కూడా కాగితం లేకపోతే ఎలా చెదిరిపోతుందో చూడాలంటే నికొలాస్ కాల్డర్‌ను చూడాలి. ఈ కేంబ్రిడ్జి ఆర్థికవేత్త 1956లో మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి పన్నుల సంస్కరణ మీద నివేదిక ఇచ్చారు. సంపద పన్ను, వ్యయ పన్ను, గిఫ్టు పన్ను వేయండి, దానికి బదులుగా ఆదాయ పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి దించండి అన్నారు. కొత్త పన్నులు వరసగా వచ్చాయి. దించమన్న రేటు మాత్రం అంతదూరం దిగలేదు. 1973-74 నాటికి సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతానికి ఎగబాకింది. వ్యయ పన్ను 1962లో పోయి, 1964లో తిరిగొచ్చి, 1966లో మళ్లీ పోయింది. సలహాలో ఒక ముక్కను తీసుకుని, దాన్ని మోసే రెండో ముక్కను వదిలేశారు. ఆ నివేదిక అచ్చులో లేకుంటే ఆ పన్నుల భారమంతా కాల్డర్ చెప్పిందేనని నమ్మేవాళ్లం.

మన కాలానికి వస్తే పెద్ద నోట్ల రద్దు ఉంది. షికాగో ఆచార్యుడిగా ఉండి రిజర్వు బ్యాంకు గవర్నరైన రఘురామ్ రాజన్, 2016 ఫిబ్రవరిలో తన అభిప్రాయం అడిగితే నోటిమాటగా చెప్పాననీ, తర్వాత అడిగిన మీదట బ్యాంకు ఒక నోట్ తయారుచేసి ఇచ్చిందనీ 2017లో తన పుస్తకంలో రాశారు. రద్దు జరిగింది 2016 నవంబరు 8న. అప్పటికి ఆయన పదవిలో లేరు. ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్న అరవింద్ సుబ్రమణియన్ కూడా ఆ నిర్ణయం మీద తన కఠినమైన అంచనాను పదవి దిగాక, 2018 చివర వచ్చిన పుస్తకంలోనే చెప్పారు. వాళ్ల నిజాయితీ మీద నాకు సందేహం లేదు. అయినా నిర్ణయం వేడి మీద ఉన్నప్పుడు దేశానికి అందవలసిన మాట, పుస్తకాల షాపు దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది? నవంబరు 8న రిజర్వు బ్యాంకు బోర్డు ఏం చర్చించిందో సమాచార హక్కు చట్టం కింద 2019లో బయటికొచ్చింది. నల్లధనంలో ఎక్కువ భాగం నగదు రూపంలో లేదనీ, భూములు, బంగారం రూపంలో ఉందనీ ఆ మినిట్స్‌లో నమోదై ఉంది. అలా నమోదు చేసినవాళ్లే ప్రతిపాదనకు ఆమోదం తెలిపారు. కాగితం ఉంది కాబట్టే ఈ వైరుధ్యాన్ని మనం చూడగలిగాం.

సలహా బయటపడుతుందంటే ఎవరూ మనసు విప్పి మాట్లాడరన్నది మరో అభ్యంతరం. చర్చ జరుగుతున్నప్పుడు గోప్యత కావాలన్నది నిజమే. రేపు పన్ను మారుతుందని ఈ రోజే తెలిస్తే కొందరు సరుకు దాచేస్తారు. కానీ 2005 నాటి సమాచార హక్కు చట్టమే దీనికి దారి చూపించింది. మంత్రివర్గ పత్రాలకు మినహాయింపు ఇస్తూనే, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక దానికి కారణాలనూ, ఆధారమైన పత్రాలనూ బహిరంగపరచాలని 8వ సెక్షన్ చెబుతోంది. నేను కోరేది ఇంతకు మించినది కాదు. పైగా రాతలో ఉంటుందని తెలిసిన మనిషి మాట కొంచెం తూచి మాట్లాడతాడు తప్ప, అబద్ధం ఎందుకు చెబుతాడు?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి. ఆచార్యుడు సలహా ఇచ్చి తరగతి గదికి వెళ్లిపోతాడు, ఫలితం జనం అనుభవిస్తారు. ఇదే కాల్డర్ సలహాతో తయారైన బడ్జెట్ 1962లో బ్రిటిష్ గయానాలో రగిలిన గొడవకు ఒక కారణమైంది. చెద్ది జగన్ ప్రభుత్వం మీద అప్పటికే ఉన్న రాజకీయ కక్షలు తోడై ఫిబ్రవరిలో జార్జ్‌టౌన్ నగరం తగలబడింది. కాల్డర్ కేంబ్రిడ్జి ఉద్యోగానికేమీ కాలేదు. దీన్ని తేలిగ్గా తీసేయలేను. రాజకీయ నాయకుడికి కనీసం ఓటరనే వాడొకడున్నాడు. ఎన్.జి. రంగా మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించిన మనిషే. షెనాయ్ వాదానికి దగ్గరి వాదంతో 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడై జనం ముందుకు వెళ్లారు. 1967లో శ్రీకాకుళం ఆయన్ను గెలిపించింది, 1971లో ఓడించింది. సలహాదారుకు ఆ తీర్పు ఉండదు. ఉండేది రాసిన కాగితం మీద చదువరుల తీర్పు ఒక్కటే. అందుకే దాన్నుంచి తప్పించుకునే వీలు ఆయనకు ఇవ్వకూడదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ వచ్చినా సలహాదారులను నియమించడం మామూలైపోయింది. వాళ్లలో విశ్రాంత అధికారులుంటారు, అప్పుడప్పుడు ఆచార్యులూ ఉంటారు, కొందరికి క్యాబినెట్ హోదా కూడా దక్కుతుంది. నియామకం గురించి వార్తల్లో వచ్చేది హోదా, జీతభత్యాలు, పదవీకాలం. సాగునీటి మీదో విద్య మీదో వాళ్లు ఏం సలహా ఇచ్చారో, ప్రభుత్వం ఏది తీసుకుని ఏది పక్కన పెట్టిందో పదవీకాలం అయిపోయాక కూడా మనకు తెలియదు. ఆ నియామక జీవోలోనే ఇంకో షరతు చేర్చాలి. సలహాదారు ముఖ్యమైన ప్రతి విషయం మీదా తన అభిప్రాయాన్ని కారణాలతో రాసి సంతకం చేయాలి. నిర్ణయం వెలువడిన రెండేళ్లకు ఆ నోట్ శాసనసభ గ్రంథాలయానికి చేరాలి. దీనికి ఒప్పుకోని ఆచార్యుడు తన విశ్వవిద్యాలయంలోనే ఉండిపోవచ్చు.