రెండు పడవలు – ఒక ప్రయాణము

రెండు పడవలమీద కాళ్లు పెట్టరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిర్వివాదము. కాని రెండు పడవలును ఇంచుమించు సమానముగానే యున్నప్పుడు దేనిమీద కాలు పెట్టవలెనో ఆ సామెత చెప్పదు. మానవుని మిక్కిలి బాధించు సందేహములు మంచికిని చెడ్డకును నడుమ పుట్టునవి కావు. మంచికిని మంచికిని నడుమ పుట్టునవి. అట్టి చోట పోల్చి చూచుట ఎంతవరకు వివేకము, ఎచ్చట నుండి అది అవివేకమగును అనునదియే ఈ వ్యాసమున విచార్యము.

ఉదాహరణమునకు నిజమైన పడవలనే గ్రహింతము. పాశ్చాత్యదేశములలో ఒక జాతి చిన్న పడవలు కలవు. అవి తెరచాపతో నడచును. లోపల ఇద్దరు పండుకొనుటకు చోటుండును. ప్రయాణము ముగిసిన పిమ్మట చక్రముల ట్రైలరు మీది కెక్కించి, కారు వెనుక తగిలించి, ఇంటికి లాగుకొని పోవచ్చును. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మనము భాగ్యమును గూర్చి చెప్పు మాట వీనియెడ అక్షరాల సత్యము. పెద్దనదియు సముద్రమును లేని బెంగుళూరు వంటి నగరమున నుండువానికి పడవపై కోరిక కలిగినచో ఇట్టిదే తగినది.

ఈ జాతిలో పోల్చి చూడదగినవి రెండు: వెస్ట్ వైట్ పాటర్ 15, మాంట్‌గొమరీ 15. రెండింటి పొడవును సుమారు 15 అడుగులే. మొదటిది ఇంగ్లండు దేశపు వైట్ ద్వీపమున స్టాన్లీ స్మిత్ అను నావికుడు కల్పించిన నమూనా నుండి పుట్టి, తరువాత కాలిఫోర్నియాలో తయారైనది. రెండవది కాలిఫోర్నియాలోనే పుట్టినది. పాటరు బరువు సుమారు 475 పౌండ్లు; మాంట్‌గొమరీ బరువు సుమారు 750 పౌండ్లు. అడుగు పలకను పైకి లాగినప్పుడు పాటరు 7 అంగుళముల నీటిలో తేలును. మాంట్‌గొమరీకి 15 అంగుళముల నీరు కావలెను.

ఈ అంకెలను చూచి పాటరే మేలనవచ్చును. చిన్న కారు సైతము దానిని లాగును. ఇసుకతిన్నె దాక అది పోవును. కాని మాంట్‌గొమరీ అడుగున స్థిరముగా నమర్చిన బరువున్నది. అది లోతు నీరు కోరుటకు కారణమదియే. గాలి విసరినప్పుడు నిలుకడగా నుండుటకును కారణమదియే. రేవునుండి చూచిన లోపమైనది నడినీటినుండి చూచిన బలమగుచున్నది. శిల్పి ఒక మేలును కొనుటకు మరియొక మేలును వెలగా చెల్లించెను. అట్టి వెల చెల్లింపని పడవ లోకమున లేదు.

కావున పోలిక మనకు చెప్పగలిగిన దొక్కటే: ఏది దేనిని విడిచి దేనిని పొందెనో. వాటిలో ఏది నాకు మేలో అది చెప్పజాలదు. ఆ ప్రశ్నకు ఉత్తరము పడవలో లేదు, ఎక్కువానిలో నున్నది. మద్రాసు సాపర్లు అభ్యాసము చేయు మన హలసూరు చెరువు వంటి నిలుకడ నీటిలో సాయంకాలము గడపదలచినవాడొకడు. తరగలు లేచు విశాలజలమున రాత్రి గడపదలచినవాడొకడు. వెంట వచ్చువారు పసిబిడ్డలా, ఈత నేర్చిన మిత్రులా? ఏ నష్టమునకు నేను సమ్మతింతును? ఇట్లు పడవలను గూర్చి మొదలైన విచారము తన్ను గూర్చిన విచారముగా పరిణమించును.

అట్లని పోలికను తృణీకరింపరాదు. నైయాయికులు ఉపమానమును ప్రమాణములలో నొకటిగా చేర్చిరి. గవయము ఆవును పోలియుండునని వినినవాడు అడవిలో ఆ మృగమును చూడగానే గుర్తించును. ఏమియు పరిశీలింపక పడవ నెక్కి, తన్ను నమ్మి వచ్చినవారిని గాలివాన కప్పగించువాడు ధీరుడు కాడు, బాధ్యత యెరుగనివాడు. అయితే గవయమును గుర్తించిన పిమ్మట కూడ దానిని ఆవుతో పోల్చుచునే కూర్చుండువాని నేమనవలెను? పాశ్చాత్యులు బురిడాను పేర చెప్పు కథలోని గాడిద, సమానమైన రెండు గడ్డిమోపుల నడుమ నిలిచి, ఒకదాని నెన్నుకొనుటకు హేతువు దొరకక ఆకలితో చచ్చెను. దాని తర్కమున దోషము లేదు. ఆకలియు నొక హేతువే యని యెరుగకపోవుటయే దాని దోషము.

గాడిద కంటెను చిత్రమైన దుఃఖము మనుష్యునికి గలదు. అతడు ఒక మోపును తినుచు రెండవదానిని తలచి విచారించును.

ఇందుకు ప్రతిగా మన దేశపు పడవలే రెండు గలవు. గోవాలో ఒకే నమూనాపై 56 అడుగుల పొడవున నిర్మింపబడిన మ్హాదేయి, తారిణి అనునవి భారత నౌకాదళమున వరుసగా 2009లోను, 2017లోను చేరెను. మ్హాదేయిపై 2009–10లో దిలీప్ దోందే, 2012–13లో అభిలాష్ టామీ ఒంటరిగా భూమిని చుట్టివచ్చిరి. తారిణిపై 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళాధికారులు గోవానుండి బయలుదేరి, ప్రపంచమును చుట్టి 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. వీరు శిక్షణ పొందినది మ్హాదేయిపై. ప్రయాణము చేసినది తారిణిపై. ఇంటిదారి పట్టిన తరువాత తారిణి చుక్కాని యంత్రము చెడగా మారిషస్ రేవు చేరి, బాగుచేసికొని, మరల సాగివచ్చిరి. లోపము బయలుపడిన పడవతో చేయదగిన పని అదియే. ఆ క్షణమున మొదటి పడవ గుణములను లెక్కించుటవలన ఒక మైలైనను సాగదు.

సర్వసమానములైన పరమాణువులను సైతము వేరుపరచు విశేషమను పదార్థమును వైశేషికులు అంగీకరించిరి. పరమాణువుల సంగతి యెట్లున్నను, ఒకే అచ్చున దిగిన పడవలకు విశేషమును కల్పించునది ప్రయాణమే.

ఈ విచారము పడవలతో ముగియదు. బెంగుళూరున స్థిరపడిన తెలుగువారిలో ననేకులు పుట్టిన ఊరిని, బ్రతుకునిచ్చిన ఊరిని నిత్యము తూచుచుందురు. ఇచ్చట చల్లని గాలి, అచ్చట బంధువులు. ఇచ్చట బిడ్డల చదువు, అచ్చట తాతలనాటి ఇల్లు. వచ్చుటకు ముందు ఆ తూకము ధర్మమే. మరల రేవు చేరినప్పుడు పడవను మార్చుకొనుటయు తప్పు కాదు. కాని నడినీటిలో కూడ త్రాసును దింపనివాడు ఇచ్చటి పొరుగువానికి అక్కరకు రాడు; అచ్చటి తల్లిదండ్రులకు తృప్తి నీయడు. అతడు రెంటికి చెడిన రేవడి యగును. పుట్టిన ఊరిని మరువుమని నా తాత్పర్యము కాదు. తారిణి నెక్కినవారు మ్హాదేయిపై నేర్చిన విద్యను ఒడ్డున విడిచిపోలేదు. దానినే వెంట గొనిపోయిరి. విడిచిన పడవను కృతజ్ఞతతో తలచుచు, ఎక్కిన పడవలో చేరిన నీటిని ఎప్పటికప్పుడు తోడిపోయువాడే ఆవలి యొడ్డు చేరును.