దస్త్రము లెచ్చట నుండవలెను?

ఒక మనుష్యుని గూర్చి వ్రాయబడిన లెక్క యెవరిది? వ్రాసినవానిదా, దాచినవానిదా, ఎవని గూర్చి వ్రాసిరో వానిదా? ఈ ప్రశ్న మన పశ్చిమ ప్రకాశమునకు క్రొత్తది కాదు. కంభము, మార్కాపురము తాలూకాలు 1858లో కడప జిల్లానుండి కర్నూలు జిల్లాలో చేరెను. 1970లో మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలునుండి విడివడి, ఒంగోలు ముఖ్యపట్టణముగా నేర్పడిన జిల్లాలో కలిసెను. ఊళ్లు కదలలేదు, పొలములు కదలలేదు. వాని దస్త్రము లుండు చోటును, జవాబు చెప్పవలసిన కచేరియు మారెను. నల్లమల దాటి కర్నూలునకు పోవు గిద్దలూరు రైతు, పిమ్మట తూర్పుగా ఒంగోలునకు పోవలసివచ్చెను. దస్త్ర మే యూర నున్నను, తప్పు చూపినప్పుడు దిద్దువా డొకడుండుటయే అతనికి ముఖ్యము.

నేటి దస్త్రములు బండ్లమీద సాగవు. మార్కాపురము పలకల గనిలో పనిచేయు కూలివాని వేతనము సెల్‌ఫోనుద్వారా వచ్చినచో, ఆ లెక్క రెప్పపాటులో ఏ దేశపు సర్వరునకైనను చేరగలదు. అందువలననే రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6వ తేదీన, దేశీయ చెల్లింపుల డేటా యంతయు భారతదేశములోనే నిలువయుండవలెనని శాసించి, ఆరు నెలల గడువిచ్చెను. విదేశమున లెక్క నడపినను, అచ్చట దానిని చెరిపివేసి, ఒక పనిదినము, 24 గంటలు అను రెండింటిలో నేది ముందైన నాలోపల నిచ్చటికి తేవలెనని 2019లో వివరించెను.

ఈ యాజ్ఞను నెరవేర్చుట సులభము కాదు. చెల్లింపు జరుగగనే మనుష్యుడు చేయిపెట్టకయే యంత్రములు వరుసగా పనిచేయును: ఒకటి ఖాతాలో వ్రాయును, ఒకటి సందేశము పంపును, ఒకటి మోసమున్నదేమో చూచును, ఒకటి నకలు దాచును. ముఖ్యమైన ఖాతాను ముంబయికో హైదరాబాదునకో తరలించి, నకళ్లను, యంత్రము తన పనిని గూర్చి వ్రాసికొను దినచర్యను విదేశముననే విడిచినచో, కాపురము మార్చి యినుపపెట్టెను పాత యింటనే మరచినట్లగును. కావున ధర్మముగా తరలించువాడు మొదట డేటా నడచు త్రోవల నన్నింటిని జాబితా వ్రాసికొనవలెను. క్రొత్తచోట నా పనులను నిలిపి లెక్కలు సరిచూడవలెను. సరిపడిన పిమ్మట పాతచోటి ప్రతులను నకళ్లతోకూడ చెరుపవలెను. తాళపుచెవి యెవరిచేత నున్నదో కూడ విచారింపవలెను. అమెరికాలో 2018లో చేయబడిన యొక చట్టము ప్రకారము, ఆ దేశపు న్యాయాధికారమునకు లోబడిన కంపెనీ డేటాను ఏ దేశమున దాచినను, చట్టబద్ధమైన యుత్తరువు వచ్చినప్పుడు చూపవలసియుండును.

“మన దేశమున నున్నంతమాత్రమున క్షేమమా? ఇంటిదొంగ లేడా?” యని కొందరడుగుదురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమికహక్కని తీర్పుచెప్పెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము దిద్దుబాటును, చెరిపివేతను కోరు హక్కును గుర్తించెను. సమ్మతి కోరు ప్రకటనను తెలుగులో చదువుకొను వీలును కల్పించెను. కాని యా చట్టమే కొన్ని ప్రభుత్వసంస్థలను మినహాయించు నధికారమును కేంద్రప్రభుత్వమున కిచ్చినది. పరదేశీయుని చేతినుండి తప్పించిన దస్త్రము స్వదేశీయుని చేతిలో దుర్వినియోగమైనచో కూలివానికి కలిగిన మేలేమి?

అట్లని నివాసనియమము వ్యర్థమనరాదు. దూరదేశపు కోర్టులో మార్కాపురపు కూలివాడు వ్యాజ్యమాడజాలడు. ఇచ్చటి యంత్రమును ఇచ్చటి యధికారి తనిఖీ చేయగలడు. సామీప్యము న్యాయమునకు ద్వారము వంటిది; ద్వారము తెరచినంతనే న్యాయము లోనికి రాదు.

మార్కాపురపు పలకమీద అక్షరము వ్రాసిన పిల్లవాడే దానిని తుడిచివేయగలడు. యంత్రములోని వ్రాతను తుడుచు గుడ్డ మన చేతిలో లేదు. కావున మూడు ప్రశ్న లడుగుట విధి: ఈ లెక్క యెచ్చట నుండును? తాళము లెవరివద్ద నుండును? తప్పు జరిగినప్పుడు గిద్దలూరునుండి వ్రాసిన తెలుగు జాబునకు బదులు చెప్పువారెవరు? వేతనముకొరకు వేచియున్న కూలివాడు వీని నడుగ సాహసింపడు. చదువుకొన్న గృహస్థులు అతని పక్షమున నడుగవలెను.